పిండి నైస్‌గా పట్టించడం తప్పు ఇంగ్లీషా?

‘పిండి నైస్‌గా పట్టించుకురా’ అంటే బరక లేకుండా, మెత్తగా ఉండాలని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మాట మనిషికి తగిలిస్తే రంగు మారుతుంది. ‘నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు’ అనడంలో, ఆ తియ్యటి మాటల వెనకాల జిత్తు ఉందన్న హెచ్చరిక వినిపిస్తుంది. ఇంగ్లీషు బాగా చదువుకున్న కొందరికి ఈ వాడకాలు గిట్టవు. నైస్ అంటే బాగున్నది, మంచిది అనే అర్థమనీ, మనవాళ్ళు దాన్ని పాడుచేశారనీ వాళ్ళ ఫిర్యాదు. అసలు ఆ మాట నడిచొచ్చిన దారి చూస్తే ఈ ఫిర్యాదు నిలవదు.

నైస్‌కు మూలం లాటిన్‌లోని ‘నెస్కియుస్’, అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరినప్పుడు అది ‘తెలివితక్కువ’ అనే తిట్టు. తర్వాతి శతాబ్దాల్లో సుకుమారమైన, ప్రతిదానికీ వంకలు పెట్టే, సూక్ష్మమైన, కచ్చితమైన అంటూ అర్థాలు మార్చుకుంటూ పోయింది. మనం బళ్ళో నేర్చుకున్న అర్థం 18వ శతాబ్దంలో గానీ వాడుకలో కుదురుకోలేదు. అప్పుడూ పేచీ తప్పలేదు. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ అబీ’లో కేథరిన్ ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. పుస్తకానికీ, వాతావరణానికీ, నడకకీ, ఆడపిల్లలకీ అన్నిటికీ ఇదొక్క మాటేనా అని హెన్రీ టిల్నీ ఆమెను ఆటపట్టిస్తాడు. పాత అర్థమూ పూర్తిగా చావలేదు. సన్నని తేడాను ‘నైస్ డిస్టింక్షన్’ అనడం నేటికీ ఉంది. మన పిండిమరలోని నైస్ ఆ సన్నదనానికి దగ్గరి చుట్టమే.

అలాగైతే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు పెట్టుకోవచ్చా అని అడగవచ్చు. కుదరదు. ఒకరిద్దరు మారిస్తే అది పొరపాటే. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఊరంతా ఒకే అర్థంలో వాడుతుంటే దాన్ని పొరపాటనలేం. సభికుడంటే ఒకప్పుడు జూదశాల నడిపేవాడు. ఇవాళ ‘సభికులారా’ అని పిలిస్తే నొచ్చుకునేవారు లేరు. ఇంగ్లీషు పరీక్షలో, ఇంగ్లీషు ఉత్తరంలో మాత్రం ఇంగ్లీషు పద్ధతే పాటించాలి. అక్కడ మెత్తటి పిండి ‘ఫైన్’ అవుతుంది. టిల్నీ అభ్యంతరం కూడా అక్కడ పనికొస్తుంది. భోజనం నైస్, ఊరు నైస్ అని రాసి ఊరుకుంటే చదివేవారికి ఏ రుచీ, ఏ వీధీ కనపడదు. తెలుగు వాక్యంలో పలికే నైస్ సంగతి వేరు, అది మన మాటైపోయింది. పిల్లల నోట వినిపిస్తే దిద్దకండి. మన నిఘంటువులు కూడా దాన్ని మెత్తదనం, జిత్తు అనే రెండు అర్థాలతో చేర్చుకోవాలి.