ఏకాంత ప్రార్థనకు వేళ ఎక్కడిది?

క్రైస్తవ భక్తి ఆదివారపు ఆరాధనతోనూ వారంలో జరిగే కూడికలతోనూ పూర్తయ్యేది కాదు. విశ్వాసి ఒంటరిగా, మరెవరి చెవినా పడకుండా, తన మనసులోని మాటను దేవునికి విన్నవించుకొనే ప్రార్థనను తెలుగు సంఘాలు ఏకాంత ప్రార్థన అంటాయి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమని యేసు శిష్యులకు బోధించినట్లు మత్తయి సువార్త 6వ అధ్యాయం చెబుతున్నది. కపెర్నహూములో పొద్దుగూకిన తరువాత కూడా రోగులూ జనమూ ఆయనను చుట్టుముట్టగా, మరునాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం తెలుపుతున్నది. పని లేనందువల్ల గాక, పని ముమ్మరంగా ఉన్నప్పుడే ఆయన ఏకాంతాన్ని వెతుక్కొన్నాడన్న సంగతి ఈ రెండవ ఘట్టంలో గమనించదగినది.

పల్నాడు జిల్లాలోని రాజుపాలెం వంటి మండలాలలో ఈ సంగతికి ప్రత్యేకమైన విలువ ఉంది. పత్తి తీతలు, మిరప కోతలు సాగే నెలల్లో కూలికి వెళ్లే స్త్రీ తెల్లవారకముందే లేచి, వంట ముగించి, పిల్లలను బడికి సిద్ధం చేసి, అన్నం క్యారేజీతో ఆటో ఎక్కుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మళ్లీ పొయ్యి వెలిగించవలసి ఉంటుంది. ఒకే గదిలో కుటుంబమంతా మసలే ఇంట్లో తలుపు వేసుకోవడానికి వేరే గది ఉండదు. మిగిలిన కాస్త సమయాన్ని టీవీ, సెల్‌ఫోన్ పంచుకొంటాయి. ప్రార్థనకు సమయం చిక్కడం లేదన్న మాటలో సోమరితనం కంటే అలసటే ఎక్కువని గుర్తించకుండా చేసే బోధ ఆమెకు భారమే అవుతుంది.

అందువల్లనే పూర్వపు సంఘాలు ప్రార్థనను తీరికకు వదలక దినచర్యలో దానికొక చోటు కల్పించాయి. దానియేలు దినానికి మూడుసార్లు మోకరించాడని బైబిలు చెబుతున్నది. ఫిరంగిపురం, రెంటచింతల వంటి విచారణలలో, అంటే ఒక గురువు పర్యవేక్షణలోని కథోలిక సంఘాలలో, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగినప్పుడు మరియమ్మకు దేవదూత తెచ్చిన వార్తను తలచుకొంటూ చెప్పే ప్రార్థనకు త్రికాల జపమని పేరు. 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు తన సేవను విస్తరించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ లూథరన్ మిషనరీ. లూథరన్ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1529లో వెలువరించిన చిన్న ప్రశ్నోత్తరి పుస్తకంలో ఉదయానికి ఒకటి, రాత్రికి ఒకటి చిన్న ప్రార్థనలు ఉన్నాయి. ఉదయపు ప్రార్థన ముగించి సంతోషంగా పనికి వెళ్లమనీ, రాత్రి ప్రార్థన కాగానే నిశ్చింతగా నిద్రపొమ్మనీ లూథర్ సూచించాడు. కొద్ది నిమిషాలలో ముగిసే ఆ క్రమం కాయకష్టం చేసేవారికి కూడా అందుబాటులో ఉంటుంది.

తెలుగు నేల దీనికి మరొక లోతును చేర్చింది. 1938లో బైబిలు మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, విన్నపాలు చెప్పి లేచిపోవడంతో తృప్తిపడక, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టాలని బోధించారు. కనిపెట్టడమంటే ఆశతో ఎదురుచూస్తూ ఉండడం. మనవి చేసుకొన్నవాడు జవాబు కోసం ఆగడం ఆ మనవిపై అతనికున్న నమ్మకాన్ని తెలుపుతుంది గనుక, మౌనం కూడా ప్రార్థనలో భాగమే. మైకుల హోరులో సాగే సభలు ఎంత ఉత్సాహాన్నిచ్చినా, ఒకరి దుఃఖాన్ని, పశ్చాత్తాపాన్ని, ఎవరికీ చెప్పుకోలేని భయాన్ని దేవుని ముందు విప్పుకోవడానికి ఇటువంటి నిశ్శబ్దమే తగినది.

ఆచరణకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రోజూ ఒకే వేళ, ఒకే చోటు నిర్ణయించుకొని, ఫోన్ పక్కన పెట్టి, ఒక కీర్తనను నెమ్మదిగా చదివి, ఇంటివారి పేర్లను దేవుని ముందు ఉంచి, కొంతసేపు మౌనంగా ఉంటే చాలు. చదువు రానివారు ప్రభువు ప్రార్థనతోనో, నోటికి వచ్చిన కీర్తనతోనో మొదలుపెట్టవచ్చు. ఒకనాడు తప్పితే మరునాడు తిరిగి మొదలుపెట్టడమే గాని, తప్పిన దినానికి పరిహారంగా గంటల తరబడి కూర్చోవడం అవసరం లేదు.

అయితే ఈ కాస్త వేళను సంపాదించుకొనే భారాన్ని ఒక్క వ్యక్తి మీదనే వేయడం న్యాయం కాదు. తెల్లవారుజామున భర్త నీళ్లు తోడి పెడితే, పెద్ద పిల్లలు చిన్నవారిని చూసుకొంటే, సంఘం వారంలో ఒక కూడికను తగ్గించి పగటిపూట మందిరం తలుపు తెరిచి ఉంచితే, ఇంట్లో చోటు లేని స్త్రీకి ఏకాంతం దొరుకుతుంది. ప్రార్థించుమని చెప్పే సంఘమూ కుటుంబమూ ప్రార్థించడానికి సమయాన్ని ఇచ్చేవి కూడా కావాలి. అటువంటి సాయం చేసినప్పుడే వారి బోధకు విలువ ఉంటుంది.