ఆటిజం ఉన్నవారికి థెరపీ సేవలు: మేము నేర్చుకున్న పాఠాలు



కొన్నేళ్ల క్రితం బోధన్ వైపు నుంచి ఒక నాయనమ్మ తన తొమ్మిదేళ్ల మనవడిని మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. మూడు రోజులుగా జ్వరం. బాబుకు ఆటిజం ఉందని ఓ.పి. చీటీ మీద రాసే ఉంది. కానీ మేము దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు సోమవారం, ఓ.పి. నిండా జనం. గంటన్నర కూర్చోబెట్టిన తర్వాత రక్తపరీక్షకు పిలిచాం. సూది చూడగానే బాబు చెవులు మూసుకుని గట్టిగా అరిచాడు.

"పట్టుకోకున్రి సిస్టరమ్మా, జెర ఆగున్రి. ఏం చేస్తరో ముందుగాల చూపిస్తే ఆడే చెయ్యి ఇస్తడు" అని ఆ పెద్దమ్మ బతిమాలింది. మేము ఆగలేదు. నలుగురం పట్టుకుని రక్తం తీశాం. పని అయిపోయింది అనుకున్నాం.

కానీ ఆ తర్వాత రెండేళ్లు ఆ బాబు ఏ ఆసుపత్రి గేటూ దాటలేదు. తెల్ల యూనిఫాం కనబడితే చాలు, ఆటోలోంచి దూకబోయేవాడట. అప్పుడప్పుడే మొదలైన స్పీచ్ థెరపీ కూడా ఆగిపోయింది. పన్ను పుచ్చినా ఇంట్లోనే ఉంచారు. దవడ వాచి అన్నం ముట్టనప్పుడు గానీ మళ్లీ తీసుకురాలేదు. మేము ఒక్క రోజు ఆదా చేసుకున్న పది నిమిషాలకు ఆ బిడ్డ రెండేళ్లు నష్టపోయాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆటిజం అంటే ఏమిటి?

ఇది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి దీని గురించి వివరంగా రాశారు. ఆటిజం ఉన్నవారికి ఇతరులతో మాట కలపడం, ఎదుటివారి సైగలు, చమత్కారాలు అర్థం చేసుకోవడం కష్టంగా ఉండవచ్చు. ఒకే పద్ధతిలో రోజు గడవాలని కోరుకుంటారు. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ కొందరికి భరించలేనంతగా తగులుతాయి. కొందరికి నొప్పి కూడా తెలియనట్టే కనిపిస్తుంది. కొందరికి మాటలు రావు. కొందరు డిగ్రీలు చదివి ఉద్యోగాలు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది.

ఇది తల్లి పెంపకం లోపం కాదు, దిష్టి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. టీకాల వల్ల వస్తుందన్న ప్రచారానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో రద్దు చేసింది. కాబట్టి మీ పిల్లలకు టీకాలు తప్పక వేయించండి.

"సహకరించలేదు" అన్న మాట

థెరపీకి వచ్చినవారు అరిచినా, పారిపోయినా, జవాబు చెప్పకపోయినా "పేషెంటు సహకరించలేదు" అని కేసు షీటులో రాయడం మాకు అలవాటు. నిజానికి మా ఏర్పాట్లే వారికి సహకరించడం లేదు. కిటకిటలాడే వరండా, ఫినాయిల్ వాసన, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు, చెప్పకుండా చెయ్యి వేసే సిస్టరు, ఒకేసారి నలుగురు అడిగే ప్రశ్నలు. మామూలువారు ఇవన్నీ ఓర్చుకుంటారు. వీరికి అవే పెద్ద గోడలు. ఇప్పుడు ఆ మాట రాసే ముందు, "మేము ఏమి మార్చి చూశాం?" అన్నదానికి జవాబు రాయాలని మేము నియమం పెట్టుకున్నాం.

మేము చేసిన మార్పులు

1. ముందుగా చెబితే ఓ.పి. మొదలయ్యే వేళ గానీ, రద్దీ తగ్గిన సాయంత్రం గానీ సమయం ఇస్తాం. వరండాలో కాకుండా బయట చెట్టు కింద ఉండి, ఫోను చేసినప్పుడు లోపలికి రావచ్చు.

2. గేటు, గది, కుర్చీ, థెరపీ సామాను ఫోటోలు ముందే ఇస్తాం. ఇంట్లో బిడ్డకు రోజూ చూపించండి.

3. ఒక్కరే మాట్లాడతాం. చిన్న వాక్యాలలో అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగుతాం. అదే ప్రశ్నను మాటలు మార్చి మళ్లీ మళ్లీ అడగం.

4. చెప్పకుండా ముట్టుకోం. చేయబోయే పనిని ముందు అమ్మకో నాయనమ్మకో చేసి చూపిస్తాం. సూది తప్పనిసరైతే, అవకాశం ఉన్నప్పుడు ముందుగా చర్మం మొద్దుబారే క్రీము రాస్తాం.

5. మాటలు రానివారు బొమ్మల కార్డులతో గానీ, ఫోనులో చూపించి గానీ చెప్పవచ్చు. "చాలు", "ఆపండి" అనే కార్డులు కూడా ఉంటాయి. ఆ కార్డు చూపితే నిజంగానే ఆపుతాం. లేకపోతే నమ్మకం పోతుంది.

థెరపీ దేని కోసం?

చాలామంది తల్లిదండ్రులు "అందరి పిల్లల్లా చేయండి" అని అడుగుతారు. వారి బాధ మాకు తెలుసు. కానీ బలవంతంగా కళ్లలోకి చూడమనడం, ఎవరికీ హాని చేయని చేతులు ఊపడాన్ని ఆపించడం వల్ల బిడ్డకు భయం పెరుగుతుందే తప్ప మేలు జరగదు. ఆకలి అయితే చెప్పగలగాలి, నొప్పి ఎక్కడో చూపగలగాలి, తనంతట తాను స్నానం చేయగలగాలి, బస్సు ఎక్కగలగాలి. థెరపీ లక్ష్యాలు ఇలాంటివి కావాలి. బొమ్మల కార్డులు అలవాటు చేస్తే ఇక మాటలు రావేమో అని భయపడకండి. కార్డులు మాటలకు అడ్డు రావు.

ఉన్నట్టుండి బిడ్డ తల కొట్టుకోవడం, తిండి మానేయడం మొదలుపెడితే అది మొండితనం అనుకోవద్దు. పన్ను, చెవి, మలబద్ధకం ముందుగా చూపించండి.

పెద్దవారిని మరచిపోవద్దు

ఆటిజం ఉన్న పిల్లలు పెరిగి పెద్దవారవుతారు. అమ్మాయిలలోనూ, చదువుకున్నవారిలోనూ అది బయటపడకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. ఆందోళన, డిప్రెషన్ వీరిలో ఎక్కువ. కౌన్సెలింగుకు వచ్చినప్పుడు "మనసుకు ఎలా ఉంది?" అంటే చాలామంది చెప్పలేరు. "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు? అన్నం ఎన్నిసార్లు తిన్నావు? కష్టం 0 నుంచి 10లో ఎంత?" అంటే చెప్పగలరు. రాసి ఇస్తామన్నా, తల దించుకుని మాట్లాడినా ఒప్పుకోవాలి. తోడు వచ్చినవారిని కాదు, ముందు వారినే అడగాలి.

మీకున్న హక్కులు, సహాయం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు అన్నింటిలో అడ్డంకులు లేకుండా చూడాలని, వైద్యంలో వీరికి ప్రాధాన్యం ఇవ్వాలని 25వ సెక్షను చెబుతోంది. కాబట్టి మమ్మల్ని అడగడానికి మొహమాటపడకండి. ఎదుగుదలలో ఆలస్యం గుర్తించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. మండలాలలోని భవిత కేంద్రాల గురించి బడిలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ ఉంటాయి. నేషనల్ ట్రస్ట్ వారి లక్ష రూపాయల నిరామయ బీమాలో థెరపీ ఖర్చులకూ కొంత వర్తింపు ఉంది. స్టెమ్ సెల్ వైద్యంతో ఆటిజం పోతుందన్న ప్రకటనలు నమ్మి పొలాలు అమ్ముకోకండి.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. ఊరి బయటకు తోసివేయబడిన కుష్ఠు రోగుల కోసం 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ఆధ్వర్యంలో ఆసుపత్రి తెరిచారు. ఎవరూ రానివ్వనివారి కోసమే అక్కడ గదులు కట్టారు.

వచ్చే ముందు ఒక కాగితం రాయండి

బిడ్డకు ఏది ఇష్టం, ఏది భయం, నొప్పి వస్తే ఎలా చెబుతాడు, ఏం చేస్తే శాంతిస్తాడు, ఏ మందు పడదు. ఈ అయిదు సంగతులు ఒక కాగితం మీద రాసి ఓ.పి. చీటీకి జత చేయండి. రాయడం రానివారు మా సిస్టర్లకు చెప్పండి, వారు రాస్తారు.

ఆ బోధన్ బాబు సంగతి చెప్పాలి కదా. దవడ వాపుకు డాక్టరుగారు అదే రోజు మందులు ఇచ్చారు. పన్ను తీయడానికి ముందు రెండు సాయంత్రాలు ఊరికే వచ్చి గది చూసి వెళ్లాడు. మా సిస్టరు తెల్ల యూనిఫాం కాకుండా రంగు చీరలో వచ్చింది. చిన్న అద్దం మొదట నాయనమ్మ నోట్లో పెట్టి చూపించింది. మూడో రోజు బాబు కుర్చీలో కూర్చుని తనే నోరు తెరిచాడు. ఎవ్వరమూ పట్టుకోలేదు. ఆ పెద్దమ్మ మా వైపు చూసి, "నేను ఆనాడే చెప్పలేదా సిస్టరమ్మా" అంది.

అవును, ఆనాడే చెప్పింది.