ల్యాప్‌టాప్ పుట్టుమచ్చలు

మా ఇంట్లో ఆరేళ్ల ల్యాప్‌టాప్ ఒకటుంది. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొచ్చినా తెర వెలిగేది కాదు. చివరికి విసిగిపోయి హార్డ్‌డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ పెట్టించాను. రిపేరు కుర్రాడు దాన్ని చేతికిస్తూ, "మీ దాంట్లో విండోస్ హోమ్ ఉండేది సార్, నేను ప్రో వేశాను. ఇంకా బాగుంటుంది" అన్నాడు. పైసా అదనంగా అడగలేదు. సంబరపడ్డాను. ఆరు నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు తెర కింద కుడిమూలన, ఉతికినా పోని మరకలా, 'యాక్టివేట్ విండోస్' అని రెండు వరుసలు తేలాయి. వాల్‌పేపరు మార్చబోతే మారదు. ల్యాప్‌టాప్‌ను రొక్కం పెట్టి కొన్నాను, బిల్లు బీరువాలో ఉంది. మరి ఇదేమిటి, నా సొంత యంత్రం నన్నే దొంగను చూసినట్టు చూస్తోంది?

జవాబు వెతుకుతుంటే పదో తరగతి సర్టిఫికెట్టు గుర్తొచ్చింది. అందులో పేరు, పుట్టినతేదీతో పాటు రెండు పుట్టుమచ్చలు రాస్తారు. మచ్చల కోసం చొక్కా చేతులు పైకి మడిచి, మెడ తిప్పి వెతుక్కున్న ఆ రోజు ఎవరూ మరిచిపోరు. అదే పేరు పక్క సెక్షన్ వాడికీ ఉండొచ్చు, అవే చోట్ల అవే మచ్చలు ఉండవని నమ్మకం. కంప్యూటరు ఒంటిమీది మచ్చలు లెక్కపెట్టి, రాసిపెట్టుకుని, మళ్లీ కలిసినప్పుడు పోల్చి చూసుకోవడమే యాక్టివేషన్.

దీని మూలం విండోస్ కంటే పాతది. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరు వచ్చింది. దానికి బేసిక్ భాషను రాసింది బిల్ గేట్స్, పాల్ ఆలెన్, మాంటీ డేవిడాఫ్. ప్రోగ్రాము అప్పట్లో చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ఉండేది. ఆ పట్టీ ఒకటి కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు చేతిలో పడింది. యంత్రంలో పెట్టి పదుల కొద్దీ కాపీలు తీసి సభ్యులకు పంచారు. గేట్స్‌కు ఒళ్లు మండింది. 1976 ఫిబ్రవరి 3న, ఇరవయ్యేళ్ల వయసులో, కంప్యూటర్ అభిరుచిపరులను ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో బేసిక్ కొన్నవాళ్లు పది శాతం కూడా లేరనీ, దాని తయారీకి వాడుకున్న కంప్యూటర్ సమయం విలువే 40,000 డాలర్లు దాటిందనీ, వచ్చిన రాబడిని పడిన శ్రమతో భాగిస్తే గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ వాపోయాడు. లేఖ వల్ల కాపీలు ఆగలేదు. అయితే ఒక తగువు మాత్రం మొదలైంది. బల్లను అమ్మితే బల్ల మన దగ్గరనుంచి పోతుంది. సాఫ్ట్‌వేరును ఎంతమందికిచ్చినా మన దగ్గర అలాగే ఉంటుంది. మరి దీనికి తాళం వేయడం ఎలా?

మొదటి తాళాలు చూస్తే నవ్వొస్తుంది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95కు పది అంకెల సీడీ కీ ఉండేది. మొదట మూడు, తర్వాత ఏడు. ఆ చివరి ఏడు అంకెలనూ కూడితే వచ్చిన మొత్తం ఏడుతో నిశ్శేషంగా భాగించబడాలి. పరీక్ష దాదాపు అంతే! అన్నీ ఒకట్లే కొట్టినా మొత్తం ఏడు, కాబట్టి తలుపు తెరుచుకునేది. మూడో తరగతి పిల్లవాడు పలక మీద చేయగల లెక్క అది. బహుశా దొంగను ఆపడం దాని ఉద్దేశం కాదు, కొన్నవాణ్ణి ఒక్క క్షణం ఆపి 'ఇది కొనుక్కునే వస్తువు సుమా' అని గుర్తుచేయడమే అయ్యుంటుంది.

విండోస్ 98తో కీ పాతిక అక్షరాలకు పెరిగింది, అయిదేసి చొప్పున అయిదు గుంపులు. ఆ కీలలో వాడే అక్షరాలను ఎంచిన తీరు నాకు ముచ్చటగా తోస్తుంది. ఇంగ్లిషు అచ్చులు అయిదూ లేవు. సున్నా లేదు, ఓ అక్షరంలా కనబడుతుందని. ఒకటి లేదు, ఐ లా ఉంటుందని. 5 లేదు, ఎస్ తో తికమకని. అలా ఏరగా మిగిలినవి ఇరవై నాలుగు. స్టిక్కరు మీది సన్నటి అచ్చును కళ్లు చికిలించి చదువుకుంటూ టైపు చేసే మనిషిని మనసులో పెట్టుకుని ఎవరో కూర్చుని చేసిన పని ఇది. ఇరవై నాలుగు అక్షరాలతో పాతిక స్థానాలు నింపితే వచ్చే కీల సంఖ్య సుమారు 3 పక్కన 34 సున్నాలు. తోచినట్టు కొట్టి సరైనది పట్టుకోవడం అసాధ్యమైంది. కానీ కీ ఎంత గట్టిదైనా ఒక లోటు తీరలేదు. ఒక్క సీడీ, ఒక్క కీ ఉంటే వీధంతా విండోస్ వేసుకోవచ్చు. కీని చూసి అది అసలైనదా అని తేల్చగలరు, ఎన్ని ఇళ్లు తిరిగిందో చెప్పలేరు.

ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే యాక్టివేషన్. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఇది ఇంటింటికీ తెలిసింది. వేసుకున్న 30 రోజుల్లోగా ఇంటర్నెట్‌లోనో ఫోన్‌లోనో యాక్టివేట్ చేసుకోవాలి, లేదంటే లోపలికి రానివ్వదు. అది ఏం పంపుతోందన్న అనుమానం అప్పట్లో చాలామందికి కలిగింది. బెర్లిన్‌లోని ఫుల్లీ లైసెన్స్‌డ్ అనే చిన్న సంస్థ ఎక్స్‌పీ విడుదలకు ముందే, జూలైలో, ఆ గుట్టు విప్పి ప్రచురించింది.

అందులో తేలినదేమిటంటే, ఎక్స్‌పీ పది మచ్చలు చూస్తుంది. ప్రాసెసరు రకం, దాని సీరియల్ నంబరు, ర్యామ్ పరిమాణం, హార్డ్‌డిస్క్, దాని వాల్యూమ్ సీరియల్, డిస్కులను నడిపే రెండు రకాల కంట్రోలర్లు, గ్రాఫిక్స్ కార్డు, సీడీ డ్రైవు, నెట్‌వర్క్ కార్డు. ఒక్కొక్కదాన్నీ ఉన్నదున్నట్టు రాసుకోదు, నూరేసి చిన్న సంఖ్యగా మారుస్తుంది. రోట్లో నూరిన పచ్చడిలోంచి మిరపకాయను వెనక్కి తీయలేనట్టే, ఆ సంఖ్య నుంచి అసలు వివరం తిరిగి రాబట్టలేం. నెట్‌వర్క్ కార్డుకు 48 బిట్ల చిరునామా ఉంటే దాన్ని 10 బిట్లకు కుదించేస్తుంది. అంటే ప్రపంచంలోని కార్డులన్నీ సుమారు వెయ్యి గుంపుల్లోనే సర్దుకోవాలి. ప్రాసెసరు రకానికి మూడే బిట్లు. ఏ ఒక్క మచ్చా మనిషిని పట్టివ్వదు, పదీ కలిస్తేనే పోలిక కుదురుతుంది. గోప్యతకు ఇంత జాగ్రత్త పడ్డారని అప్పట్లో తిట్టినవాళ్లలో ఎంతమందికి తెలుసో! ఇవాళ మన ఫోన్లలోని యాప్‌లు అడగకుండా తీసుకుపోతున్నదానితో పోలిస్తే ఇది సంసారపక్షమే.

మచ్చలు మారితే? దానికీ లెక్క ఉంది. నెట్‌వర్క్ కార్డుకు మూడు ఓట్లు, మిగతా తొమ్మిదింటికి తలా ఒకటి. అదే యంత్రమని ఒప్పుకోవాలంటే ఏడు ఓట్లు కావాలి. నెట్‌వర్క్ కార్డు పాతదే అయితే మిగతావాటిలో అయిదు మారినా సహిస్తుంది, ఆరోదాని దగ్గర నిలదీస్తుంది. నెట్‌వర్క్ కార్డే మారితే దానితో కలిపి మూడే, నాలుగోది మారగానే 'నువ్వెవరు?' అంటుంది. ఫార్మాట్ కొట్టినప్పుడల్లా వాల్యూమ్ సీరియల్ కొత్తది పుడుతుంది గనక, మనం ఏమీ మార్చలేదనుకున్నా ఒక మచ్చ చెరిగినట్టే. పైగా యాక్టివేట్ అయినట్టు గుర్తుగా డిస్కులో రాసుకున్న చిన్న ఫైలు కూడా ఫార్మాట్‌లో పోతుంది. అందుకే ఎక్స్‌పీని మళ్లీ వేసినప్పుడల్లా యాక్టివేషన్ తంతు తప్పేది కాదు.

నెట్ లేని రోజుల్లో ఆ తంతు ఫోన్‌లో జరిగేది. తెర మీద 50 అంకెలు కనబడతాయి. వాటిని ఆరేసి అంకెల చొప్పున యంత్రస్వరానికో మనిషికో చదివి వినిపించాలి. వాళ్లు 42 అంకెలు తిరిగి చెబుతారు, తప్పు లేకుండా కొట్టాలి. మధ్యలో ఒక్క అంకె జారితే మొదటికొస్తుంది. తర్వాతి విండోస్‌లలో ఆ చదివే అంకెలు 54 అయ్యాయి, విండోస్ 8కు 63.

ఇంత కట్టుదిట్టం చేసినా పెద్ద కంపెనీల కోసం ఒక పెరటి తలుపు ఉంచారు. వేల కంప్యూటర్లున్న ఆఫీసులో ఒక్కొక్కదానికీ ఫోన్ చేయమనలేరు కదా. వాటికిచ్చిన ఎక్స్‌పీ అసలు యాక్టివేషన్నే అడగదు. అలాంటి కీ ఒకటి ఎక్స్‌పీ అంగట్లోకి రాకముందే బయటికి పొక్కి ప్రపంచమంతా పాకింది. మన ఊళ్లలోనూ సీడీ మీద మార్కరు పెన్నుతో 'ఎక్స్‌పీ' అనీ, కాగితపు కవరు మీద ఆ కీ అనీ రాసి ఇచ్చేవాళ్లు. 2002లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ దాన్ని వెలివేసింది.

ల్యాప్‌టాప్ కొన్నవాళ్లది వేరే బాధ. పెద్ద తయారీదారులు కంప్యూటరును మేల్కొలిపే బయాస్ ప్రోగ్రాములో ఒక గుర్తు పెట్టి, దాన్ని చూస్తే యాక్టివేషన్ అడగని విండోస్‌ను ముందే వేసి పంపేవారు. అడుగున హోలోగ్రామ్ స్టిక్కరు మీద ఇంకో కీ. తయారీదారు ఇచ్చిన రికవరీ డిస్కు ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. అది పోయి, ఎవరిదో మామూలు సీడీతో మళ్లీ వేయిస్తే, ఆ గుర్తుతో పనిలేని విండోస్ ఎక్కుతుంది, స్టిక్కరు కీ అడుగుతుంది. ఆ స్టిక్కరేమో ఒడిలో రాసుకుని, వేడికి వెలిసి, సగం అక్షరాలు మాయం. ఒకవేళ చదవగలిగినా 2005 ఫిబ్రవరి చివరి నుంచి పెద్ద తయారీదారుల స్టిక్కరు కీలకు ఇంటర్నెట్ యాక్టివేషన్ ఆపేశారు. ఫోన్ చేసి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సిందే. కొన్నవాడికి ఇబ్బంది, దొంగ కీ వాడినవాడికి సుఖం. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే.

తీర్పు చెప్పే సర్వరే పొరబడితే? 2007 ఆగస్టు 24న పొరబడింది. ఇంకా పరీక్షలో ఉన్న ప్రోగ్రామును ఎవరో చేయిజారి అసలు సర్వర్లకు ఎక్కించారు. అసలైన విండోస్‌లను నకిలీవని తేల్చడం మొదలైంది. విండోస్ విస్టా వాడుతున్నవాళ్లకు కొన్ని సదుపాయాలు ఆగిపోయాయి. సుమారు 19 గంటలు సాగిన ఈ పొరపాటులో దెబ్బతిన్నవి 12,000 లోపేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మరుసటి ఏడాది విస్టా సర్వీస్ ప్యాక్‌తో మెత్తబడి, యాక్టివేట్ కాని యంత్రాన్ని స్తంభింపజేయడం మానేసి నల్లటి తెర, గంటకోసారి హెచ్చరిక దగ్గర ఆగింది. ఇవాళ్టి కుడిమూల మరక దాని వారసత్వమే. 2018 నవంబరు 8న మళ్లీ సర్వర్లు తడబడి ప్రో ఉన్నవాళ్లను 'మీది హోమ్' అని దబాయించాయి. దాన్ని త్వరగానే సర్దారు.

ఇక అసలు మలుపు 2012 అక్టోబరు 26న, విండోస్ 8తో. స్టిక్కరు మీద కీ ముద్రించడం మానేశారు. ప్రతి ల్యాప్‌టాప్‌కూ విడిగా ఒక కీ ఇచ్చి, దాన్ని మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసేశారు. విండోస్ వేసేటప్పుడు ఇన్‌స్టాలరు ఆ చిప్‌ను తట్టి చూసి, అక్కడున్న కీ ఏ ఎడిషన్‌దో దాన్నే మారుమాట్లాడకుండా వేసుకుంటుంది. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10 ఇంకో అడుగు వేసింది. ఒకసారి యాక్టివేట్ అయితే ఆ యంత్రం మచ్చల చిట్టా మైక్రోసాఫ్ట్ సర్వరులో ఉంటుంది. డిస్కు మార్చండి, ఫార్మాట్ కొట్టండి, అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే గుర్తుపట్టి తలుపు తీస్తుంది. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. 2016 ఆగస్టు నుంచి దాన్ని మన మైక్రోసాఫ్ట్ ఖాతాకు కట్టుకోవచ్చు కూడా.

అంటే లైసెన్స్ కాగితం నుంచి స్టిక్కరుకు, అక్కడి నుంచి బోర్డులోకి చేరింది. మనమింకా బిల్లులోనో డిస్కులోనో ఉందనుకుంటున్నాం. మళ్లీ వేశాక వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే. డిస్కు, ర్యామ్ మారితే సాధారణంగా ఏమీ కాదు. మదర్‌బోర్డు మారిందంటే, అది వేరే కంప్యూటరే. కొత్త బోర్డు చిప్‌లో కీ రాయకుండా ఇచ్చేస్తే, చివర ఎఫ్213 అని ముగిసే ఎర్రర్ నంబరు చూపించి 'ఈ పరికరంలో కీ దొరకలేదు' అంటుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే కొత్త యంత్రానికి మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చినది దాని బోర్డుతోనే ఉంటుంది, దానితోనే పోతుంది.

నా ల్యాప్‌టాప్ సంగతికొస్తే, దాని చిప్‌లో ఉన్నది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ కీ. కుర్రాడు వేసినది ప్రో. హోమ్ కీ ప్రో తాళానికి పట్టదు. మరి ఆరు నెలలు ఎలా నడిచింది? పెద్ద ఆఫీసులు తమ లోపలే ఒక సర్వరు పెట్టుకుని, కనీసం 25 కంప్యూటర్లుంటే, వాటిని తామే యాక్టివేట్ చేసుకునే పద్ధతి ఒకటుంది. ఆ అనుమతి 180 రోజులే. వాటిలోని కంప్యూటరు వారానికోసారి ఆఫీసు సర్వరును పలకరించి గడువు పొడిగించుకుంటుంది. దుకాణాల్లో వాడే క్రాక్‌లు చాలావరకు ఆ సర్వరు వేషం కట్టినవే. నా యంత్రం లేని ఆఫీసులో ఉద్యోగిగా చేరింది. పలకరించడానికి అక్కడెవరూ లేరు, 180 రోజులు నిండాయి, మరక తేలింది.

నేనే కూర్చుని మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను పెన్‌డ్రైవులోకి దించుకుని, డిస్కు మొత్తం తుడిచి వేశాను. కీ అడగలేదు. హోమ్ సింగిల్ లాంగ్వేజే ఎక్కింది, నెట్ కలిపిన రెండు నిమిషాల్లో యాక్టివేట్ అయిపోయింది. హక్కు మొదటి నుంచీ దాని ఒంట్లోనే ఉంది.

మీ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్‌కు ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి, ఎడిషన్ పేరు ఒక కాగితం మీద రాసుకోండి. డిజిటల్ లైసెన్స్ మీ ఖాతాకు కట్టి ఉందో లేదో కూడా అక్కడే కనబడుతుంది. తర్వాత దుకాణంలో ఆ కాగితం చూపించి చెప్పండి: "బాబూ, ప్రో వద్దు. దీంట్లో ఏముందో అదే వెయ్యి."