స్పోకుల చక్రానికి ట్యూబు బెడద తప్పేనా?

సర్కారు తుమ్మ ముల్లు చూడటానికి చిన్నదే. కాని పొద్దుగూకే వేళ ఎరువుల బస్తా వేసుకుని వస్తున్న రైతు మోటారు సైకిలును డొంకదారిలోనే నిలబెట్టేస్తుంది. పంచరు షాపు ఉన్న ఊరిదాకా బండి నెట్టుకు వెళ్ళడం పల్లెల్లో చాలామందికి అనుభవమే. అదే ముల్లు తారు రోడ్డుపై వేగంగా పోతుండగా ముందు చక్రంలో దిగితే, బండి నెట్టడంతో పోదు. ప్రాణం మీదికే వస్తుంది.

ఈ బెడద వదిలించుకోవడానికి స్పోకుల చక్రాలను ట్యూబులెస్‌గా మార్పించుకుంటున్న వారున్నారు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 వంటి కొండదారి బళ్ళున్న వారిలో ఈ ఆసక్తి ఎక్కువ. పని సాధ్యమే. అయితే ప్రతి రిమ్ముకూ చేయించదగిన పని మాత్రం కాదు.

ట్యూబు ఎందుకు పెట్టారు?

రాళ్ళ దారిలో దెబ్బ తగిలితే స్పోకుల చక్రం కొంత సాగి ఓర్చుకుంటుంది. వంకర పోయినా మెకానిక్కు స్పోకులు బిగించి సరిచేయవచ్చు. పోత పోసిన అల్లాయ్ చక్రం గట్టి దెబ్బకు పగిలిపోవచ్చు. అందుకే కొండదారి బళ్ళకు నేటికీ స్పోకులే వాడుతున్నారు.

చిక్కల్లా రంధ్రాలతోనే. ఒక్కో రిమ్ముకు సాధారణంగా 36 స్పోకులుంటాయి. అంటే గాలి పోవడానికి 36 దారులు! ట్యూబుకు ముల్లు దిగితే గాలి ఆ రంధ్రాల గుండా, వాల్వు పక్కనుంచి గబగబా బయటపడుతుంది. ట్యూబులెస్ టైరులో లోపలి రబ్బరు పొర మేకును పట్టి ఉంచడం వల్ల గాలి నెమ్మదిగా దిగుతుంది. బండి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. చక్రం ఊడదీయకుండానే రబ్బరు వత్తి గుచ్చి, గాలి కొట్టుకుని ఇల్లు చేరవచ్చు.

అమెరికాకు చెందిన బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ 1947లోనే ట్యూబులెస్ టైరును ప్రకటించింది. రంధ్రాలు లేని కార్ల చక్రాలకు అది త్వరలోనే అలవాటయింది. స్పోకుల చక్రాలే వెనుకబడ్డాయి.

మార్చే విధానం

మొదట టైరు, ట్యూబు, లోపలి పట్టా తీసివేయాలి. చక్రం వంకర లేకుండా స్పోకులన్నీ సరిగా బిగించాలి. ఇది ముందే జరగాలి. తర్వాత నిపుల్ తిప్పితే వేసిన అతుకు ఊడిపోతుంది. పైకి పొడుచుకు వచ్చిన స్పోకు మొనలను ఆకురాయితో అరగదీయాలి. తుప్పు, జిడ్డు పోయేలా రిమ్మును రుద్ది, స్పిరిటుతో తుడవాలి.

ఆ పైన ఒక్కో నిపుల్‌పై సీలెంటు పూసి, కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. దానిపై గాలి చొరబడని మందపాటి జిగురు టేపు చుట్టూ అంటించాలి. ట్యూబులెస్ వాల్వు బిగించి, పక్కన ‘ట్యూబులెస్’ అని ముద్ర ఉన్న టైరునే ఎక్కించాలి. గాలి కొట్టాక సబ్బు నీళ్ళు పోసి బుడగలు చూడాలి. రాత్రంతా ఉంచి, తెల్లవారి గాలి కొలిచిన తర్వాతే రోడ్డెక్కాలి.

గట్టు లేకుంటే ముప్పు

అసలు కీలకం రిమ్ము ఆకారంలో ఉంది. ట్యూబులెస్ రిమ్ము లోపల రెండు వైపులా సన్నని గట్టు ఉంటుంది. మడి గట్టు నీటిని ఆపినట్లు, అది టైరు అంచును జారకుండా ఆపుతుంది. ఇటువంటి రిమ్ముపై కొలతల పక్కన ‘ఎంటీ’ అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ‘డబ్ల్యూఎం’ అని ఉంటే అది ట్యూబు రిమ్ము, గట్టు ఉండదు. దానికి ఎంత చక్కగా సీలెంటు పూసినా, గాలి తగ్గినప్పుడు మలుపులో టైరు అంచు జారవచ్చు. అప్పుడు గాలంతా ఒక్కసారిగా పోతుంది. తప్పించుకోవాలనుకున్న ప్రమాదమే మళ్ళీ ఎదురవుతుంది. ముందు రిమ్మును, వెనుక రిమ్మును విడివిడిగా చూసుకోవాలి. ‘ఎంటీ’ గుర్తు కనిపించకుంటే ట్యూబుతోనే నడపడం క్షేమం.

కంపెనీలు చూపిన దారి

జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ 1987లో తన జీఎస్ బళ్ళకు స్పోకులను రిమ్ము నడుమ కాక అంచుల్లో బిగించింది. గాలి ఉండే చోట రంధ్రమే లేకపోవడంతో ట్యూబు అవసరం తీరింది. మన దేశంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త హిమాలయన్ 450కి 2024లో ట్యూబులెస్ స్పోకు చక్రాలు తెచ్చింది. స్తోమత ఉన్నవారికి ఇదే నమ్మకమైన మార్గం.

మార్పించుకున్నా ఒక ట్యూబు, టైరు లివర్లు బండిలో ఉంచుకోవడం మంచిది. రాతి దెబ్బకు రిమ్ము అంచు నొక్కుకుపోతే వత్తి పనిచేయదు. ట్యూబు వేసుకోక తప్పదు.

మామూలు బళ్ళున్న రైతులు తొందరపడనక్కర లేదు. అరిగిన టైరుకు ముల్లు సులువుగా దిగుతుంది. దాన్ని సకాలంలో మార్చడం, పాత అతుకుల ట్యూబును వదిలించుకోవడం, వారానికొకసారి కంపెనీ చెప్పిన మేరకు గాలి చూసుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. సీలెంటు డబ్బాకు డబ్బు పెట్టే ముందు రిమ్ముపై అక్షరాలు చదివించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.