పళ్లెం దగ్గర తూకం

షుగరుంది, బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పిన నాటి నుంచి మా భాయీజాన్ రోజూ ఉదయం తూకం యంత్రం ఎక్కి దిగాకే చాయ్ ముట్టుకుంటారు. అది మంచిదే. కాని దస్తర్‌ఖాన్ దగ్గర అందరి పళ్లేల లెక్కా ఆయనే చూడటంతో చిక్కు వచ్చింది. "బేటీ, ఇంకో రొట్టెనా?" అన్న ఒక్క మాటకు తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి రాత్రి భోజనం మానేసింది. వారం తిరిగేసరికి బడిలో కళ్లు తిరిగి కూలబడింది.

మేము ఆయనతో వాదించలేదు, లెక్క వేసి చూపించాం. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. మన దేశంలో పెద్దవాళ్లకు అది 23కు చేరితే జాగ్రత్తపడమంటారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఎదిగే పిల్లలకు ఈ హద్దులు వర్తించవు. వయసును బట్టి వేరే పట్టికలున్నాయి. పైగా ఎత్తు పెరుగుతూ, నెలసరి మొదలైన ఆడపిల్లకు ఇనుము, మాంసకృత్తులు బాగా అందాలి. పూట మానటమంటే అవి మానటమే. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు కిలో పెరిగితే అది ఒంట్లో నిలిచిన నీరే గాని కొవ్వు కాదంటే ఆయన నవ్వారు. (మర్నాడూ యంత్రం ఎక్కారనుకోండి!)

ఇప్పుడు తూకం శుక్రవారం ఒక్కరోజే. యంత్రం ఆయన గదిలోకి మారింది. భోజనం దగ్గర బరువు మాట ఎత్తకూడదని ఒప్పందం. అప్పుడప్పుడు మరిచిపోతారు, మేము కూర గిన్నె ఆయన వైపు జరుపుతాం. అమ్మాయి రాత్రిపూట తింటోంది. రెండో రొట్టెకు మాత్రం ఇంకా ఆయన ముఖం చూసే చేయి చాపుతోంది.