యాప్ తయారీ పనిముట్లకూ కావాలి నీలి చీటీ

తెనాలి: సెల్‌ఫోన్ లేని ఇల్లు నేడు డెల్టా గ్రామాల్లో కనిపించదు. ధాన్యం డబ్బు బ్యాంకులో పడిందీ లేనిదీ చూసుకునేది ఫోన్‌లోనే. కరెంటు బిల్లు కట్టేది ఫోన్‌లోనే. రేపల్లె రైలు ఎంతవరకు వచ్చిందో తెలుసుకునేదీ ఫోన్‌లోనే. వీటన్నింటికీ ఆధారం యాప్‌లు. మరి ఆ యాప్‌లను తయారుచేసే పనిముట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటి లోపల ఏముందో చూసినవారెవరు? కంప్యూటర్ చదువు చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న ఇది.

విత్తనం సంగతి మన రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఈ ప్రాంతం పేరును దేశమంతా మోసుకుపోయింది. ఆ విత్తనం రైతు చేతికి ఒక్కసారిగా రాదు. ముందు బ్రీడరు విత్తనం, దాని సంచికి బంగారు రంగు చీటీ. దాని నుంచి ఫౌండేషన్ విత్తనం, తెల్ల చీటీ. చివరకు రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనం, నీలి చీటీ. వరికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నిబంధన. సంచిలో ఏముందో, ఏ లాటు నుంచి వచ్చిందో చీటీ చెబుతుంది. చీటీ లేని సంచి కొన్నవాడు పైరు ఈనే దాకా దేవుడి మీద భారం వేయాల్సిందే.

సరిగ్గా ఇలాంటి చీటీ పద్ధతే కంప్యూటర్ పనిముట్లకు కూడా ఉంది. దాన్నే ‘ప్యాకేజింగ్’ అంటారు. సెల్‌ఫోన్ యాప్‌ల తయారీ కిట్టును లినక్స్‌లో ఆ పద్ధతి ప్రకారం అందించడానికి దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు కొన్నేళ్లుగా శ్రమిస్తున్నారు.

కిట్టులో ఏముంటుంది?

ఆండ్రాయిడ్ ఫోన్లకు యాప్‌లు రాసుకునే కిట్టును గూగుల్ మొదటిసారి 2007 నవంబరులో విడుదల చేసింది. వడ్రంగి పెట్టెలో ఉలి, బాడిస, రంపం ఉన్నట్లే ఇందులోనూ రకరకాల పనిముట్లు ఉంటాయి. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి మాట్లాడించేది ‘ఏడీబీ’. మొరాయించిన ఫోన్‌లో మళ్లీ సిస్టం ఎక్కించడానికి ‘ఫాస్ట్‌బూట్’. బొమ్మలు, అక్షరాలు సర్ది యాప్ మూట కట్టేది ‘ఏఏపీటీ’. ఆ మూట మీద తయారీదారు సంతకం వేసేది ‘ఏపీకే సైనర్’. ఇవన్నీ కలిస్తేనే యాప్ బయటికి వస్తుంది.

ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో ఎక్కువ భాగం అపాచీ లైసెన్సు కింద బహిరంగంగానే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అయితే గూగుల్ తయారుచేసి ఇచ్చే కిట్టుకు మాత్రం వేరే ఒప్పందం ఉంది. దించుకునే ముందు ‘ఒప్పుకుంటున్నాను’ అని మీట నొక్కాలి. చదివి నొక్కేవారు అరుదు. ఓపెన్ సోర్స్ లైసెన్సులు అనుమతించిన మేరకు తప్ప, కిట్టును నకలు తీసి ఇతరులకు పంచరాదని అందులో రాసి ఉంది. మన దగ్గర పెట్టుకునే ఒక అదనపు నకలుకు మాత్రం మినహాయింపు. అంటే డబ్బు కట్టనక్కర్లేదు గానీ, పక్కింటి కుర్రవాడికి ఇవ్వడానికి వీల్లేదు. విత్తనం ఉచితమే, పొరుగు రైతుకు మాత్రం చారెడు పెట్టకూడదన్నట్లుంది ఈ వ్యవహారం.

చైనాలో జరిగిన ముప్పు

దించుకోవడం నిదానమైతే ఏం జరుగుతుందో 2015 సెప్టెంబరులో లోకమంతా చూసింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే కిట్టు పేరు ‘ఎక్స్‌కోడ్’. అది పెద్ద ఫైలు. చైనాలో ఆపిల్ సంస్థ సర్వర్ల నుంచి దించుకోవడం నిదానంగా ఉండటంతో కొందరు ప్రోగ్రామర్లు దగ్గరలోని ఫైళ్ల నిల్వల నుంచి నకలు తెచ్చుకున్నారు. ఆ నకళ్లలో ఎవరో కల్తీ కలిపారు. ఆ కిట్టుతో తయారైన ప్రతి యాప్‌లోకీ కల్తీ దానంతటదే చేరిపోయింది. కోట్లమంది వాడే ‘వియ్ చాట్’ కూడా ఈ దెబ్బ తిన్నది. చివరకు ఆపిల్ సంస్థ అలాంటి యాప్‌లను తన అంగడి నుంచి తీసివేయాల్సి వచ్చింది.

ఇందులో ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌లో దోషం లేదు. దోషం పనిముట్టులో ఉంది. కుంచం తప్పయితే ఎన్నిసార్లు కొలిచినా కొలత తప్పే కదా!

మన పల్లెల్లోనూ నెట్ నిదానమే. పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి నకళ్లు చేరడం మామూలే. కాబట్టి చైనాలో వచ్చిన ముప్పు మనకు రాదన్న భరోసా లేదు.

డెబియన్ చేసిన పని

లినక్స్ కూడా విండోస్ వంటి ఒక ఆపరేటింగ్ సిస్టమే. దానికి వేలాది ప్రోగ్రాములను జతచేసి, అన్నీ ఒకదానితో ఒకటి కుదిరేలా సర్ది అందించేవారిని ‘డిస్ట్రిబ్యూషన్’ అంటారు. వీటిలో పాతది, పెద్దది డెబియన్. అమెరికాకు చెందిన ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో దీన్ని ప్రారంభించారు. దీనికి యజమాని కంపెనీ అంటూ లేదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. దీన్ని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడే భాషగా తెలుగును ఎంచుకునే వీలుంది.

డెబియన్ ప్రధాన భాగంలోకి ఏ ప్రోగ్రామైనా రావాలంటే కట్టుబాట్లు గట్టివి. సోర్స్ కోడ్ ఉండి తీరాలి. ఆ కోడ్ నుంచే ప్రోగ్రామును తిరిగి నిర్మించాలి. నిర్మించే సమయంలో నెట్ నుంచి మరేదీ తెచ్చుకోకూడదు. కావలసిన ప్రతి దినుసూ అప్పటికే డెబియన్ గాదెలో ఉండాలి. లైసెన్సు అందరూ వాడుకునేలా, మార్చుకునేలా, పంచుకునేలా ఉండాలి. ఇన్ని పరీక్షలు దాటిన తర్వాతే ప్యాకేజీ జాబితాకు ముద్ర పడుతుంది. మన కంప్యూటర్ ప్యాకేజీని దించుకున్నప్పుడు ఆ ముద్రను తానే సరిచూసుకుంటుంది. అదే మనం చెప్పుకున్న నీలి చీటీ.

ఆండ్రాయిడ్ కిట్టును ఈ దారిలోకి తేవడం సులువు కాలేదు. ఆండ్రాయిడ్ మొత్తాన్ని గూగుల్ పద్ధతిలో నిర్మించాలంటే 400 జీబీ డిస్కు, 64 జీబీ ర్యామ్ కావాలని ఆ సంస్థ సూచనల్లోనే ఉంది. ఆ మహావృక్షాన్ని డెబియన్ కార్యకర్తలు కొమ్మకొమ్మగా విడదీశారు. ఒక్కో పనిముట్టుకు ఒక్కో ప్యాకేజీ కట్టారు. యాప్‌లను సోర్స్ నుంచి నిర్మించి పంచే ‘ఎఫ్-డ్రాయిడ్’ బృందానికి చెందినవారు ఇందులో ముందు నిలిచారు. వేసవి సెలవుల్లో విద్యార్థులకు భృతి ఇచ్చే ‘గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్’ పథకం కింద పలువురు విద్యార్థులు కూడా చేయి కలిపారు. ఫలితంగా 2017 జూన్‌లో విడుదలైన డెబియన్ 9లో, గూగుల్ కిట్టు ముట్టుకోకుండానే యాప్ తయారుచేసే వీలు కలిగింది. ఒక్క ఆజ్ఞతో కిట్టు మొత్తం దిగుతుంది. ఒప్పందం మీట లేదు. ఎందరికైనా పంచవచ్చు.

తోడు లేనిదే పెరుగు లేదు

అంతా బాగుందనుకుంటే పొరపాటు. డెబియన్ 9లో సోర్స్ నుంచి నిర్మించిన ప్రధాన భాగం 23వ మెట్టుది. అది 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6కు సంబంధించినది. గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టే కొత్త యాప్‌లు 35వ మెట్టుకు తగ్గట్లుండాలని 2025 ఆగస్టు 31 నుంచి నిబంధన వచ్చింది. గూగుల్ బండి వేగంగా పోతుండగా డెబియన్ కార్యకర్తలు వెనుకబడ్డారు.

ఇందుకు ఒక చిక్కు కారణమైంది. యాప్‌ను నిర్మించే పని నడిపించే మేస్త్రి ప్రోగ్రాము పేరు ‘గ్రేడిల్’. డెబియన్‌లో అది 2017 నాటి 4.4.1 దగ్గరే ఏళ్ల తరబడి ఆగింది. తర్వాతి గ్రేడిల్‌ను నిర్మించాలంటే ‘కోట్లిన్’ అనే భాష కంపైలర్ కావాలి. ఆ కోట్లిన్ కంపైలర్‌ను ఎక్కువగా కోట్లిన్‌లోనే రాశారు. పెరుగు తోడుపెట్టాలంటే ముందు కాస్త పెరుగు ఉండాలి కదా. ఆ తొలి తోడు ఎవరి ఇంటిది? అది మంచిదేనా? ఎవరో ఇచ్చిన తయారు సరుకును కళ్లు మూసుకుని నమ్మడానికి డెబియన్ కట్టుబాట్లు ఒప్పుకోవు. మెట్టుమెట్టుగా పాత కోడ్ నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. విద్యార్థులు ఎన్నో నెలలు కూర్చుని ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నం చేశారు. పని ఎక్కువ, చేసే చేతులు తక్కువ.

ఈ నేపథ్యంలో, ప్లే స్టోర్‌కు యాప్ పంపదలచినవారు ఇప్పటికీ కొంత గూగుల్ సరుకు మీద ఆధారపడక తప్పదు. అయినా ఏడీబీ, ఫాస్ట్‌బూట్ వంటి పనిముట్లు డెబియన్‌లో చక్కగా దొరుకుతున్నాయి. విద్యార్థులకే కాదు, ఫోన్లు బాగుచేసే దుకాణాలవారికి కూడా ఇవి పనికొస్తాయి.

ముద్ర ఉన్నంత మాత్రాన మోసమే జరగదనీ చెప్పలేం. లినక్స్ అంతటా వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న పనిముట్టులో ఒక దొంగదారి ఉన్నట్లు 2024 మార్చిలో బయటపడింది. డెబియన్ పరీక్షా విభాగాలకు అది చేరింది. అందరూ వాడే స్థిర విడుదలకు మాత్రం చేరలేదు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమెందుకవుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నారు. సోర్స్ కోడ్ అందుబాటులో ఉన్నందువల్లనే కూపీ లాగడం ఆయనకు సాధ్యమైంది.

తెనాలి రామకృష్ణుడు ముందే చేరాడు

ఇది మనకు అందని పని అనుకోనక్కర్లేదు. తెలుగువారి కృషి డెబియన్‌లో ఇప్పటికే ఉంది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు అందులో ప్యాకేజీలుగా చేరాయి. సిలికానాంధ్ర అందించిన తెలుగు ఖతుల ప్యాకేజీ కూడా ఉంది. మన ఊరి పేరు మోసిన ‘తెనాలి రామకృష్ణ’ ఖతి అందులోదే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసింది. డెబియన్ అంతర్జాతీయ వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో మన దేశంలోనే, కొచ్చిలో జరిగింది.

నెట్ సరిగా లేని ఊళ్లకు కూడా ఉపాయం ఉంది. ‘ఆప్ట్ ఆఫ్‌లైన్’ అనే ప్రోగ్రామును మన దేశస్థుడైన రితేష్ రాజ్ సరాఫ్ రాశారు. ఏ ప్యాకేజీలు కావాలో ఇంటి కంప్యూటర్‌లో చీటీ రాయించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, నెట్ ఉన్నచోట దించుకుని రావచ్చు. రేపల్లెలోనో, నిజాంపట్నంలోనో ఉన్న విద్యార్థి బాపట్ల కళాశాలలో దించుకున్న సరుకును ఇంటికి తెచ్చుకుని ఎక్కించుకోవచ్చు. ఎక్కించే ముందు ముద్రను సరిచూసే ఏర్పాటూ ఉంది. ఇక కళాశాల ల్యాబులో ‘ఆప్ట్ కేచర్ ఎన్‌జీ’ని ఒక కంప్యూటర్‌లో పెడితే, ఒకసారి దించిన ప్యాకేజీని మిగతా కంప్యూటర్లన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ చెబుతోంది. విడి పనిముట్లకు అంత అవసరం లేదు. పాత కంప్యూటర్లున్న ల్యాబులకు ఇది ఎంతో మేలు.

కళాశాలలు శ్రద్ధ వహించాలి

బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో ఇంజినీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ కళాశాలలకు కొదవలేదు. ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు చేయాలి. బజారులో కొన్న ప్రాజెక్టుకు అట్ట వేసి ఇచ్చే బదులు, ఒక చిన్న ప్యాకేజీని డెబియన్‌కు కట్టించే పని అప్పగిస్తే బాగుంటుంది. సోర్స్ చదవడం, లైసెన్సు పరిశీలించడం, నిర్మించడం, తప్పులు దిద్దడం అన్నీ అందులో వస్తాయి. డెబియన్ సభ్యత్వం ముందే ఉండాలన్న నియమం లేదు. పని బాగుంటే అనుభవజ్ఞుడైన సభ్యుడొకరు సరిచూసి తన పూచీ మీద పంపుతారు. ఎవరు చేశారన్నది ప్యాకేజీలోనే శాశ్వతంగా నమోదవుతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపుకోవడానికి ఇంతకంటే మంచి యోగ్యతా పత్రం ఉండదు.

ఇందుకు భవనాలు అక్కర్లేదు, లక్షల నిధులు అక్కర్లేదు. ల్యాబులో ఒక కంప్యూటర్, వారానికి రెండు గంటలు, నేర్పాలన్న పట్టుదల ఉన్న అధ్యాపకుడు ఒకరు ఉంటే చాలు. బాపట్ల విత్తనం దేశంలో ఎన్నో పొలాల్లో పండింది. ఈ డెల్టా పిల్లలు కట్టిన ప్యాకేజీ కూడా దేశదేశాల కంప్యూటర్లలో దిగే రోజు రావాలి. కళాశాలల యాజమాన్యాలు, విశ్వవిద్యాలయ అధికారులు రానున్న విద్యా సంవత్సరంలోనైనా ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.