చెరకు – రెల్లు

ఉయ్యూరు పేరు చెప్పినంతనే ఎవరికైనను చెరకు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట చక్కెర కర్మాగారము వెలసినది మొదలు ఈ పైరు మా ప్రాంతపు బ్రతుకుతో పెనవేసికొనినది. అదే నేలలో, కాలువగట్ల మీదను, కృష్ణ లంకలలోను శరత్కాలమున తెల్లని వెన్నులతో ఊగు రెల్లును మాత్రము మేము కలుపుగానే చూచుచుందుము. ఉర్దూ మిత్రులు మొదటిదానిని గన్నా యనియు, రెండవదానిని కాంస్ అనియు అందురు. ఈ రెండింటి చుట్టరికము మాలో కొద్దిమందికే తెలియును.

రెండును గడ్డి కుటుంబమున శాకరమ్ అను ఒకే ప్రజాతికి చెందినవి. లిన్నేయసు 1753లో చెరకునకు శాకరమ్ అఫిసినారమ్ అనియు, 1771లో రెల్లునకు శాకరమ్ స్పాంటేనియమ్, అనగా తనంత తాను మొలచునది, అనియు పేర్లు పెట్టెను. చెరకు గడ లావు, రసము తీయన, క్రోమోజోములు 80. రెల్లు కాడ సన్నము, తీపి స్వల్పము. దాని క్రోమోజోముల సంఖ్య తావును బట్టి 40 మొదలు 128 వరకు మారుచుండును.

న్యూగినీ దీవిలో మానవుడు సాగులోనికి తెచ్చిన చెరకు నేడు ఏ అడవిలోను లేదు. ముచ్చెలు నాటి, నీరు పెట్టినగాని బ్రతుకదు. రెల్లు అట్లు కాదు. వరద ముంచినను, ఎండ మాడ్చినను నేలలోని కాండమునుండి మరల చిగుర్చును.

ఈ మొండితనమే చెరకును కాపాడినది. 1901 ప్రాంతమున గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు తోటలను పాడుచేసినది. దానిని పరిశీలించిన బార్బరు దొర తరువాత 1912లో ఏర్పడిన కోయంబత్తూరు కేంద్రమున వెంకట్రామన్ గారితో కలిసి, వెళ్ళై అను చెరకును అక్కడి రెల్లుతో సంకరపరచెను. అట్లు పుట్టిన సి.ఓ. 205 అను రకము 1918లో రైతులకు చేరినది. నేటి రకములన్నియు దాదాపు ఇట్టి సంకరములే. వానిలో రెల్లు పాలు నూటికి పది మొదలు ఇరువది వరకు ఉండును. మా ఉయ్యూరు పరిశోధన స్థానము పేర వెలువడిన 83 వి 15 రకమును ఈ వంశములోనిదే. అందలి 'వి' మా ఊరి గుర్తు.

ఇక సంరక్షణ మాట. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో రెల్లు ముప్పు లేని జాతి. అమెరికాలోనైతే నిషిద్ధమైన కలుపు. పొలము నిండ కనబడు చెరకు సంగతియే వేరు: దాని పాత శుద్ధ రకములు చాలవరకు కన్ననూరు, మయామి సేకరణలలోనే మిగిలియున్నవి. అయినను జాబితా జాతిని చెప్పునే గాని గట్టును చెప్పదు. ఒక లంకలోని రెల్లు వేరొక లంకలోని దానికి క్రోమోజోములలోనే భిన్నము కావచ్చును. తగులబెట్టిన పిమ్మట దానికి బదులు దొరకదు. సేకరణకై రెల్లు త్రవ్వుకొనిపోవువారు ఏ నది, ఏ ఊరు అని చీటీ కట్టుట అందుకే.